కుక్కపిల్ల పరుపు ఎక్కడ వెయ్యాలంటే

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

కుక్కపిల్లకి పరుపు కొన్నామని, హాల్లో చోటు చాలక బాల్కనీలో వేస్తున్నామని ఫోన్లో అన్నావు. బాల్కనీ మాత్రం వద్దమ్మా. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ టైల్స్ మీద నీ అరచెయ్యి ఆనించి చూడు, ఎంతసేపు ఉంచగలవో తెలుస్తుంది. మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు కుక్కకి లేదు. పాదాల అడుగున కాస్త పడుతుందంతే. మిగతాదంతా నాలుక బయటపెట్టి రొప్పడమే. అసలే దాని ఒంటివేడి మామూలు రోజుల్లోనే 38, 39 డిగ్రీలు ఉంటుంది. హైదరాబాద్ ఎండలకి అది ఎక్కడ తట్టుకుంటుంది? పైగా అంత చిన్నపిల్ల గ్రిల్ సందులో తల దూర్చిందంటే మన గుండె ఆగిపోతుంది.

వేడి ఒక్కటే కాదు, అది ఒంటరిగా ఉండే జంతువు కాదు. ఇంట్లోవాళ్లు కంటికి కనపడుతూ ఉండాలి, అలాగని వచ్చేపోయేవాళ్ల కాళ్లకి అడ్డం పడకూడదు. నేను చోటు వెతికేటప్పుడు ముందు చూసేది ఇదే. మీ హాల్లో సోఫా ఒక జానెడు జరిపితే గోడవైపు మంచి మూల దొరుకుతుంది. వెనక గోడ, పక్కన సోఫా, ఎదురుగా హాలంతా. వెనకనుంచి ఎవరూ రారన్న ధైర్యం ఉంటేనే కుక్క ఒళ్లు మరిచి నిద్రపోతుంది. అక్కడ ప్లగ్ పాయింటు ఉంటే చార్జర్ తీసేసి మూత పెట్టించు. పళ్లు వచ్చే వయసులో వైరు కనపడితే కొరకకుండా ఉండదు.

మెయిన్ డోర్ పక్కన వెయ్యొద్దు. లిఫ్ట్ చప్పుడైన ప్రతిసారీ లేచి మొరగడం అలవాటైపోతుంది, పక్క ఫ్లాట్ వాళ్లతో నీకు టెన్షన్. వంటింట్లో కాగే నూనె ఉంటుంది, అక్కడా వద్దు. పూజగది వైపు బొచ్చు ఎగరకూడదని మీ అత్తగారు అంటున్నారన్నావు. ఆవిడ మాట సబబే. సోఫా మూల అయితే దానికీ ఇబ్బంది లేదు.

ఏసీ సంగతి చాలామంది పట్టించుకోరు. చల్లగాలి కిందికే దిగుతుంది కాబట్టి మంచం మీద మనకి హాయిగా ఉన్నప్పుడు నేల మీద పిల్లకి చలి వేస్తూ ఉండొచ్చు. రాత్రి లైట్లు ఆర్పేశాక ఓసారి నువ్వే ఆ పరుపు పక్కన నేల మీద పడుకుని చూడు. గాలి ఎటు కొడుతుందో, వీధిలైటు వెలుగు కళ్లలో పడుతుందో, దోమల చక్రం పొగ ఎటు పోతుందో అన్నీ అక్కడే తెలుస్తాయి. పరుపుకి ఒక పక్క ఖాళీ నేల వదిలెయ్యి. ఉక్క పోసినప్పుడు అది తనే పరుపు దిగి, వెనక్కాళ్లు బార్లా చాపి, పొట్ట మొత్తం టైల్‌కి ఆనించి పడుకుంటుంది. అలా పడుకుంటే పరుపు నచ్చలేదని బాధపడకు.

మీది లాబ్రడార్ కదా, ఆ జాతికి తుంటి కీళ్ల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. నున్నటి టైల్స్ మీద రోజూ జారడం మంచిది కాదు. పరుపు దగ్గర్నుంచి నీళ్లగిన్నె దాకా జారని పట్టా ఒకటి పరిచెయ్యి.

మొదటి కొన్ని వారాలు మాత్రం రాత్రిపూట పరుపు మీ మంచం పక్కనే ఉండాలి. తల్లినీ తోబుట్టువులనీ వదిలి వచ్చిన పసిది. నీ ఊపిరి వినపడితే ఏడుపు సగం తగ్గుతుంది. రెండు నెలల పిల్ల రాత్రంతా ఉచ్చ ఆపుకోలేదు. పరుపు పాడుచేసుకోవడం దానికీ ఇష్టం ఉండదు కాబట్టి కదులుతుంది, కుయ్‌మంటుంది. పక్కనే ఉంటే నీకు మెలకువ వస్తుంది, బయటికి తీసుకెళ్తావు. అలవాటు పడ్డాక రోజుకి కాస్త చొప్పున గుమ్మం వైపు, ఆ తర్వాత హాల్లోకి జరుపుకుంటూ పో. ఒకేసారి తీసుకెళ్లి హాల్లో పడేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బాబుకి ఒక్క మాట గట్టిగా చెప్పు. కుక్క పరుపు మీద ఉందంటే ఎవరూ ముట్టుకోకూడదు. కావాలంటే దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. నిద్రలో ఉలిక్కిపడితే ఎంత సాధువైనా కరవొచ్చు, అది దాని తప్పు కాదు. తిట్టి ‘పో, పడుకో’ అని అక్కడికి తరమడం కూడా చెయ్యొద్దు. ఆ చోటు దానికి శిక్షగా అనిపించకూడదు.

కుక్క ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్ల గురించి కాస్త విను. కడుపు నిండిన ఆడ గోమారి కుక్కని వదిలి గోడ పగుళ్లలోకి, నేల అంచుల సందుల్లోకి దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకని పరుపు వెయ్యకముందే ఆ మూలలో సందులు తెల్ల సిమెంటుతో పూడ్పించు. వేసే పరుపు గలీబు ఊడదీసి ఉతికేలా ఉండాలి, వారానికోసారి వేడినీళ్లలో వేసి ఎండలో ఆరెయ్యి. కలరా ఉండలు మాత్రం దాని దరిదాపుల్లో పెట్టకు, కుక్కకి విషం.

దీపావళికి ఇంకో చోటు కావాలి. వీధివైపు కిటికీ లేని లోపలి గదిలో దాని పాత దుప్పటి ఒకటి పది రోజుల ముందే పరిచి, అక్కడే తిండి పెడుతూ అలవాటు చెయ్యి. టపాకాయలు మొదలయ్యాక లాక్కెళ్తే రాదు.

ఇంత చెప్పినా చివరికి దాని ఇష్టం కూడా చూడాలి. ఓ నాలుగు రోజులు పగటిపూట రెండు మూడు చోట్ల పాత దుప్పట్లు వేసి ఉంచు. ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటుందో గమనించి నాకు ఫోన్ చెయ్యి. సోఫా నువ్వొక్కదానివే జరపకు, అబ్బాయిని సాయం పట్టమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ
రాజమండ్రి