టెక్ సందేహాలు: డకోటా ఎగిరింది, ప్రొపెల్లర్ తిరగలేదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తల పైకెత్తి, విమానాలను చూసి రాసినవే. ప్రింటర్ల గొడవలూ, మరిచిపోయిన పాస్‌వర్డ్‌లూ వచ్చే వారానికి వాయిదా.

సందేహం: 2024 అక్టోబర్‌లో చెన్నై మెరీనా బీచ్‌లో వైమానిక దళం విన్యాసాలు చూడ్డానికి నెల్లూరు నుంచి వెళ్లాం. జెట్ విమానాల ఫొటోలు బాగా వచ్చాయి. నేను వెళ్లింది మాత్రం డకోటా అనే పాత రవాణా విమానం కోసం. దాని ఫొటోలూ షార్ప్‌గానే ఉన్నాయి గానీ, చూసినవాళ్లంతా 'బొమ్మ విమానమా?' అని అడుగుతున్నారు. కెమెరాలో ఏమైనా లోపమా?

జవాబు: కెమెరా బంగారంలా ఉంది. మీరు పంపిన ఫైల్ వివరాల్లో షట్టర్ స్పీడ్ 1/2000 అని ఉంది, అంటే షట్టర్ తెరుచుకున్నది సెకనులో రెండు వేలో వంతే. కొంప ముంచింది అదే. జెట్‌కి ఆ స్పీడ్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే బయటికి కనబడేలా తిరిగే భాగం ఏదీ ఉండదు. డకోటాకి అదే పెడితే ప్రొపెల్లర్ రెక్కలు కరెంటు పోయిన ఫ్యాన్‌లా నిలబడిపోతాయి. ఆకాశంలో ఆగిపోయిన ప్రొపెల్లర్ కనబడితే మన కంటికి అది బొమ్మే.

లెక్క వేసి చూడండి. డకోటా ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుందనుకుందాం. మధ్యలో గేర్లున్నాయి కాబట్టి ప్రొపెల్లర్ అంత వేగంగా తిరగదు. ఇంజిన్ 16 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్‌కి 9 చుట్లే. అంటే సెకనుకు దాదాపు 19. మీ 1/2000 సెకనులో అది కదిలింది మూడున్నర డిగ్రీలే! 1/125 పెడితే 50 డిగ్రీలు దాటుతుంది. 1/60కి వస్తే ఒక రెక్క ఉన్న చోటికి పక్క రెక్క వచ్చేస్తుంది. మూడు రెక్కలు కలిసి గుండ్రటి పళ్లెంలా పడతాయి. విమానాల పిచ్చి ఉన్నవాళ్లు ప్రాణం పెట్టేది ఆ పళ్లెం మీదే.

టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానం సంగతి వేరు. దాని ఇంజిన్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్య గేర్లు లేవు, నేరుగా బిగించేశారు. అందుకని అంత చిన్న విమానంలోనూ ప్రొపెల్లర్ డకోటా దానికంటే జోరుగా తిరుగుతుంది. దానికి 1/125 పెట్టినా మంచి బ్లర్ వస్తుంది. హెలికాప్టర్ రోటర్ (పైన తిరిగే పెద్ద రెక్కలు) ఇంకా నెమ్మది, చాలావాటికి సెకనుకు ఐదారు చుట్లే. కాబట్టి 1/60, ధైర్యముంటే 1/40.

ధైర్యం అని ఎందుకన్నానంటే, షట్టర్ నెమ్మదించేకొద్దీ మీ చెయ్యి వణికినా ఫొటోలో తెలిసిపోతుంది. విమానం పోయే వేగంతో కెమెరా కూడా సాగాలి. దీన్నే ప్యానింగ్ అంటారు. పాదాలు విమానం చివరికి చేరే దిక్కుకి పెట్టి, నడుము దగ్గర్నుంచి పైభాగాన్ని విమానం వచ్చే వైపుకి తిప్పి, అక్కణ్నుంచి విమానంతో పాటు విప్పుకుంటూ రండి. నొక్కడం అయిపోయాక కూడా కెమెరా ఆపకండి. లెన్స్ స్టెబిలైజేషన్‌లో (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) మోడ్ 2 ఉంటే అది ప్యానింగ్ కోసమే. వంద నొక్కితే ఐదు బాగుంటాయి. అది మామూలే, టెన్షన్ పడొద్దు. సాధనకి ఎయిర్‌షో దాకా ఆగనక్కర్లేదు, మీ ఊరి బైపాస్ పక్కన నిలబడి ఆర్టీసీ బస్సుల్ని తీయండి. బస్సు మీద ఊరి పేరు చదవగలిగేలా, చక్రాలు మాత్రం గిర్రున తిరిగేలా వచ్చిందంటే డకోటాకి మీరు రెడీ.

ఇంకొక్క చిక్కు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే స్థాయి) 100 దగ్గర 1/60 పెడితే కెమెరా ఎపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్20 దాకా మూసేస్తుంది. దాంతో ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది, సెన్సర్ మీద దుమ్ము నలకలన్నీ ఆకాశంలో మచ్చలై తేలతాయి. లెన్స్ ముందు రెండు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును నాలుగో వంతుకి తగ్గించే నల్లటి అద్దం) పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. దూరంగా రన్‌వే మీదున్న విమానం వేడి గాలికి అలలు అలలుగా వణకడం మాత్రం ఏ లెన్సూ, ఏ సాఫ్ట్‌వేరూ పోగొట్టలేదు. పొద్దున్నే తీసుకోవడమొక్కటే దారి.

నేనూ తక్కువ తినలేదు లెండి. బేగంపేటలో నా మొదటి ఎయిర్‌షోలో రోజంతా 1/2000 మీదే గడిపాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్క ప్రొపెల్లర్ తిరిగితే ఒట్టు.

సందేహం: ఫోన్‌తో తీస్తే ప్రొపెల్లర్ రెక్కలు అరటిపండ్లలా వంగి, విడివిడిగా గాల్లో తేలుతున్నాయి. ఫోన్ మార్చాలా? (వరంగల్ నుంచి)

జవాబు: ఇంకో ఫోన్ కొన్నా అరటిపండ్లే వస్తాయి. ఫోన్ సెన్సర్ ఫొటో మొత్తాన్ని ఒక్కసారిగా చదవదు, ఒక్కో వరుసా చదువుకుంటూ పోతుంది. మొదటి వరుస నుంచి చివరి వరుసకి వెళ్లేలోగా రెక్క వేరే చోటికి వెళ్లిపోతుంది. దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌లో పెట్టి, కిటికీ వెలుగులో ఫొటో తీసి చూడండి, మీకే తెలుస్తుంది. ప్రో మోడ్‌లో షట్టర్ బాగా తగ్గించి, లెన్స్‌కి చిన్న ఎన్‌డీ ఫిల్టర్ క్లిప్ చేస్తే రెక్కలు బ్లర్‌లో కలిసిపోయి వంకర కనబడదు. కెమెరా వాడేవాళ్లు సైలెంట్ మోడ్ తీసేసి మెకానికల్ షట్టర్‌కి మారితే చాలు. సెన్సర్ అంతటినీ ఒకేసారి చదివే సోనీ ఏ9 త్రీ లాంటివి ఉన్నాయి గానీ, ఆ ధరకి సెకండ్ హ్యాండ్ కారొస్తుంది.

సందేహం: 2024 జనవరిలో బేగంపేట వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలో వైమానిక దళం సారంగ్ బృందం హెలికాప్టర్లు మా మేడ మీద నుంచే కనిపించాయి. ఏ విమానం ఎక్కడుందో చూపే ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో మాత్రం ఒక్కటీ లేదు. శంషాబాద్ విమానాలు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. యాప్ పాడైందా?

జవాబు: ఆ యాప్ ఆకాశాన్ని చూడదు, వింటుంది. తానెక్కడున్నదీ విమానమే ఏడీఎస్-బీ అనే రేడియో సంకేతంగా చెబుతూ పోతుంది. ఊళ్లలో ఔత్సాహికులు మేడల మీద పెట్టుకున్న రిసీవర్లు అది విని యాప్‌కి పంపుతాయి. సైనిక విమానాలు తామెక్కడున్నదీ ఊరందరికీ చెప్పుకోవాలని ఏమీ లేదు. పాత విమానాల్లో చాలావాటికి ఆ పరికరమే ఉండదు. పాత తరం ట్రాన్స్‌పాండర్ (రాడార్ అడిగితే జవాబిచ్చే రేడియో పరికరం) ఉన్నా, కనీసం నాలుగు రిసీవర్లు ఒకేసారి వింటేనే లెక్క కట్టి చోటు చెప్పగలరు. విన్యాసాలు చేసే తక్కువ ఎత్తులో సంకేతం నాలుగు భవనాలు దాటడమే గగనం. కాబట్టి ఎయిర్‌షో రోజున యాప్ మూసేసి చెవులు రిక్కించండి.

సందేహం: మా నాన్నగారు వైమానిక దళంలో పనిచేశారు. డకోటా పక్కన నిలబడ్డ ఆయన పాత నెగెటివ్‌లు, ప్రింట్లు కొన్ని దొరికాయి. ఒకదాంట్లో తోక మీద నంబర్ అలికినట్టుంది. ఏఐ యాప్‌లో పెడితే నంబర్ స్పష్టంగా వచ్చేసింది! దాన్నిబట్టి ఆ విమానం చరిత్ర వెతకొచ్చా? (గుంటూరు నుంచి)

జవాబు: దయచేసి ఆ నంబర్‌ని నమ్మకండి. ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. ఆ యాప్ మసకలో దాగిన అంకెను బయటికి తీయలేదు, అక్కడ ఉండడానికి వీలున్న అంకెను గీసింది. అనుమానముంటే నేను చేసిన పరీక్షే చేయండి. మన వైమానిక దళం దగ్గర ఇప్పుడు ఎగిరే డకోటా ఉంది. పేరు పరశురామ, తోక మీద వీపీ905. దాని ఫొటోని నంబర్ అస్పష్టమయ్యేదాకా చిన్నది చేసి ఒక యాప్‌కి ఇచ్చాను. మొదటిసారి 906 అంది, రెండోసారి 305 అంది. రెండుసార్లూ అచ్చు గుద్దినట్టు స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా!

పాత విమానాల విషయంలో నంబరే ఆధార్ కార్డు. వీపీ905నే చూడండి. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్ జవాన్లను శ్రీనగర్ చేర్చిన డకోటా నంబర్ అది. బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో ఇక్కడికి తెచ్చిన విమానానికి, దాని జ్ఞాపకంగా అదే నంబర్ వేశారు. ఆ మూడంకెల్లో ఒక్కటి మారితే ఇంత కథా వేరే విమానం ఖాతాలో పడుతుంది. రేపు మీ మనవడు మీ నాన్నగారి ఫొటో కింద తప్పుడు విమానం పేరు రాసుకుంటే ఎంత బాధ!

చేయాల్సిందేమిటంటే, నెగెటివ్‌ని బ్లోయర్‌తో ఊది (నోటితో వద్దు), నెగెటివ్ ట్రే ఉన్న స్కానర్ మీద 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) స్కాన్ చేయండి. 35 ఎంఎం ఫ్రేమ్‌కి దాదాపు 8 మెగాపిక్సెల్స్ వస్తాయి. టిఫ్ ఫార్మాట్‌లో దాచి, ఆ ఫైల్‌ని ఇక ముట్టుకోవద్దు. ప్రయోగాలన్నీ కాపీ మీదే. తోక ఉన్న భాగాన్ని మాత్రం ఎక్కువ డీపీఐతో ఇంకోసారి స్కాన్ చేసి, కాంట్రాస్ట్ పెంచి చూడండి. కాంట్రాస్ట్ ఉన్నదాన్నే చూపిస్తుంది, లేనిది పుట్టించదు. ప్రింట్ల వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. ఆ రోజుల్లో తేదీ, ఊరు, పక్కనున్నవాళ్ల పేర్లు అక్కడే రాసేవారు. మీకు కావలసిన నంబర్ కూడా మీ నాన్నగారి చేతిరాతలో అక్కడే ఉందేమో!

సందేహం: డాలస్‌లో ఉంటాం. జులైలో అబ్బాయిని ఇక్కడి ఆష్‌కాష్ ఎయిర్‌షోకి తీసుకెళ్తున్నా. 64 జీబీ కార్డు చాలుతుందా?

జవాబు: చాలదండీ. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫైల్ (సెన్సర్ ఇచ్చిన సమాచారమంతా ఉండే ఫైల్) 28 ఎంబీ అనుకుంటే, కార్డులో పట్టేవి రెండు వేల రెండు వందల పైచిలుకు. సెకనుకు పది చొప్పున నొక్కితే నాలుగు నిమిషాల్లోపే నిండిపోతుంది. 128 జీబీవి రెండు తీసుకోండి. కొన్నవి అసలువో నకిలీవో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే పరీక్షించుకుని బయల్దేరండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-29 బాంబర్లలో ఎగరగలిగేవి ప్రపంచంలో రెండే మిగిలాయి, ఫిఫీ, డాక్. వాటిలో ఏదైనా వస్తే షట్టర్ ఇంకా తగ్గించండి, దాని ప్రొపెల్లర్లు డకోటా వాటికంటే నెమ్మదిగా తిరుగుతాయి. పిల్లాడి చెవులకి ఇయర్‌మఫ్స్ మరవొద్దు.

సందేహం: విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకి పెట్టిన నౌకాదళ విమానం టీయూ-142 మొత్తం ఫోన్‌లో పట్టడం లేదు. 0.5 (వైడ్ లెన్స్)లో తీస్తే ముక్కు గుమ్మడికాయలా వస్తోంది. డ్రోన్ ఎగరేయొచ్చా?

జవాబు: అది 53 మీటర్ల విమానం, దగ్గర నిలబడి పట్టించాలంటే గుమ్మడికాయే వస్తుంది. వీలైనంత వెనక్కి నడిచి 1ఎక్స్‌లో తీయండి. అప్పటికీ పట్టకపోతే పనోరమా. ఒక్కో ఇంజిన్‌కి ముందొకటి వెనకొకటి రెండు ప్రొపెల్లర్లు, ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. వాటిని విడిగా 2ఎక్స్‌లో దగ్గరగా తీయండి. నిలబెట్టిన విమానం కాబట్టి 1/2000 పెట్టినా ఎవరూ ఏమీ అనరు. డ్రోన్ మాత్రం పెట్టె తెరవకండి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఆ చుట్టుపక్కలా వాళ్ల స్థావరాలే. అనుమతి లేకుండా ఎగరేస్తే డ్రోన్‌తో పాటు మీరూ స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తుంది.