చీరలకు ట్యాగులు కట్టబోతున్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో ఏదో పెద్ద చీరల షోరూమ్‌లో ఆర్‌ఎఫ్‌ఐడీ, అదే చీరకో ట్యాగు కట్టి రీడర్ అనే పరికరంతో రేడియో తరంగాల ద్వారా స్టాకు లెక్కపెట్టే పద్ధతి, పెట్టించే పని నీకు అప్పజెప్పారని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. గోడౌన్లలో రీడర్లు బిగించడంతోనే నా సర్వీసు గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ ట్యాగులో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే తరంగాల నుంచే చిప్‌కి కరెంటు అందుతుంది. వచ్చిన తరంగాన్నే కాస్త మార్చి వెనక్కి కొడుతూ తన నంబరు చెబుతుంది. కారు అద్దం మీది ఫాస్టాగ్‌దీ ఇదే పద్ధతి. అలా తిరిగొచ్చే సిగ్నల్ చాలా బలహీనం కాబట్టి చుట్టూ ఏమున్నా దాని మీద ప్రభావం పడుతుంది. లోహం పక్కన ఉంటే ట్యాగు శ్రుతి తప్పుతుంది, నీళ్లుంటే తరంగం ఇంకిపోతుంది. మనిషి ఒంట్లోనూ ఎక్కువ నీళ్లే. సేల్స్ అమ్మాయి చీరల కట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అందులో కొన్ని పలకవు.

నీకు అసలు టెన్షన్ జరీతో. కంచి పట్టయినా, ధర్మవరమైనా, గద్వాలైనా అంచులో మెరిసేది లోహమే. ట్యాగును మడత లోపల జరీకి ఆనించి పెడితే అడుగు దూరంలో రీడర్ పట్టుకున్నా పలకకపోవచ్చు. దాన్నే దారంతో కట్టి, జరీ లేని వైపు నుంచి రెండు మూడు వేళ్లు బయటికి వేలాడనిచ్చి చూడు, తేడా నీకే తెలుస్తుంది. చీరలు పేర్చేటప్పుడు ట్యాగు మీద ట్యాగు పడనివ్వకు, ఒకదాని గొంతు ఒకటి నొక్కేస్తాయి. కేటలాగ్‌లో రాసిన దూరాన్ని నమ్మి ఆర్డర్ పెట్టొద్దు. రెండు మూడు రకాల శాంపిల్ ట్యాగులు తెప్పించు. షాపులోని స్టీలు ర్యాకులోనే, ఆ షాపు చీరలతోనే, పండగ స్టాకు కిక్కిరిసినట్టు కుక్కి మరీ పరీక్షించు.

రీడర్ పవర్ పెంచితే పని సులువవుతుందని అందరూ అనుకుంటారు. పెంచితే పక్క ర్యాకులోవీ, గోడ అవతలివీ పలికి లెక్క ఇంకా గందరగోళం అవుతుంది. స్టాకు లెక్కకు రీడర్‌లో సెషన్ అనే సెట్టింగ్‌ను ఎస్2లో పెట్టుకో. అప్పుడు ఒకసారి పలికిన ట్యాగు కాసేపు ఊరుకుంటుంది, నెమ్మదిగా పలికేవాటికి వంతు వస్తుంది.

ఇక నా మనసులో ఉన్న పెద్ద మాట ఇది. రీడర్ తనకు వినబడినవాటి లెక్కే చెబుతుంది, షాపులో ఉన్నవాటి లెక్క కాదు. స్క్రీన్ మీద ఇరవై చీరలు తక్కువ చూపించగానే యజమాని చూపు కౌంటర్ దగ్గరి పిల్లల మీదికి పోతుంది. నెలజీతానికి పనిచేసే ఆడపిల్ల మీద దొంగతనం ముద్ర పడితే దాన్ని ఎవరు తుడుస్తారు? తగ్గినట్టు కనిపించిన ప్రతి చీరనూ చేత్తో వెతికాకే 'లేదు' అని రాయాలన్న రూల్‌ను మొదటి రోజే యజమానితో రాతపూర్వకంగా ఒప్పించుకో. ఆయన ఒప్పుకోకపోతే ఆ పనే వదులుకో, నేను నీ వెనక ఉంటాను.

బిల్లింగ్ దగ్గర ట్యాగు కత్తిరించి తీసేయమను. కొన్నవాళ్ల చీర వాళ్లతో ఇంటికి పోయాక కూడా ఎవరి రీడర్‌కో నంబరు చెబుతుండటం మర్యాద కాదు.

ఒక్క జాగ్రత్త మర్చిపోవద్దు. మన దేశంలో ఈ రీడర్లకు లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. అమెరికాలో 902 నుంచి 928. అక్కడి సెట్టింగ్‌తో వచ్చిన రీడర్‌ను ఇక్కడ ఆన్ చేస్తే మొబైల్ ఫోన్ల బ్యాండ్‌లోకి చొరబడుతుంది, చట్టం కూడా ఒప్పుకోదు. అమ్మేవాడు చవకగా ఇస్తానంటే ముందు డబ్ల్యూపీసీ (రేడియో తరంగాల వాడకాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) వారి ఈటీఏ సర్టిఫికెట్, అంటే ఆ రకం పరికరానికి ఇచ్చే ఆమోద పత్రం, చూపించమను. అది, రీడర్‌లో రీజియన్ సెట్టింగ్ స్క్రీన్, రెండూ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. చూసి చెప్పాక డబ్బు కట్టు.

ఇట్లు,
మీ మామయ్య