పబ్‌లో గది సరే, నాన్నగారికి పాలసీ ఏది?

ప్రశ్న: నేను, నా భార్య, మా బిడ్డ ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటాం. అయిదు సీట్ల సొంత కారుంది. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా. నెలకు చేతికి 3,100 పౌండ్లు వస్తాయి. అద్దె 1,450, విజయవాడ ఫ్లాట్ ఈఎంఐకి పంపేది సుమారు 330, ఇంటి ఖర్చులు 950. బ్యాంకులో 1,400 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 2,200, నవంబర్ దాకా దాని మీద వడ్డీ లేదు. సెప్టెంబర్‌లో అమ్మానాన్న మూడు నెలలకు వస్తున్నారు. నాన్నకు 67 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. వాళ్లకు దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ చూపించి, అడవి పక్కన పల్లెటూరి పబ్‌లో మూడు రాత్రులు ఉంచాలని మా ఆశ. రెండు గదులకు 840, భోజనాలకు 540, ఏడు సీట్ల అద్దె కారుకు 260, మొత్తం 1,640 పౌండ్లు లెక్క తేలింది. లండన్, స్కాట్లాండ్ కూడా కలిపి 3,000 పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఏ పబ్ మంచిది? లోన్ ఫరవాలేదా? ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఉచితమే కదా, వాళ్లకు ట్రావెల్ ఇన్సూరెన్స్ అవసరమా?

జవాబు: మీరు మొదట అడిగింది పబ్ గురించి, చివర అడిగింది ఇన్సూరెన్స్ గురించి. నేను చివరి దానితో మొదలుపెడతాను. ఎందుకంటే విదేశాల్లో ఉన్న మన పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకున్నప్పుడు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. టికెట్లు, హోటళ్లు, చూడాల్సిన ఊళ్లు అన్నీ ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. పాలసీ గడి మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఎన్‌హెచ్‌ఎస్ మీకు ఉచితం. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టారు కాబట్టి. విజిటర్ వీసా మీద వచ్చే మీ నాన్నగారికి కాదు. జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ చూస్తే డబ్బు అడగరు, ఎమర్జెన్సీ విభాగంలో చేసే వైద్యానికీ అడగరు. కానీ అక్కడి నుంచి వార్డులో అడ్మిట్ చేసిన క్షణం నుంచి మీటర్ తిరుగుతుంది. అదీ మామూలు రేటుతో కాదు, ఎన్‌హెచ్‌ఎస్ తన సొంత లెక్కలో వేసుకునే ఖర్చుకు 150 శాతం. అత్యవసరమైతే వైద్యం ఆపరు, బిల్లు తర్వాత పంపుతారు. 500 పౌండ్లు దాటిన బాకీ రెండు నెలలు కట్టకుండా ఉంటే ఆ సంగతి వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్‌కు వెళ్తుంది, తర్వాత వీసా అడిగితే ఆ కారణంతోనే తిరస్కరించవచ్చు. అంటే రేపు మీకు రెండో బిడ్డ పుడితే అమ్మానాన్న వచ్చి చూసుకునే దారి కూడా మూసుకుపోవచ్చు. స్టెంట్ ఉన్న 67 ఏళ్ల మనిషిని, మూడు నెలల పాటు, పాలసీ లేకుండా ఆ దేశంలో ఉంచడం నాకు ఏ కోణంలోనూ సమ్మతం కాదు.

విజిటర్ వీసాకు ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు కాబట్టి ఎవరూ అడగరు. అడగరు కాబట్టే మనం మర్చిపోతాం. పాలసీ తీసుకున్నవాళ్లలోనూ చాలామంది ప్రీమియం తగ్గుతుందని షుగర్, గుండె జబ్బు సంగతి రాయరు. అది పాలసీ లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే ఉందన్న ధైర్యంతో ఉంటారు. క్లెయిమ్ వచ్చిన రోజున కంపెనీ మొదట చూసేది పాత మెడికల్ రికార్డులే. స్టెంట్ ఏ తేదీన వేశారో, ఇప్పుడు ఏ మందులు ఎంత డోసులో వాడుతున్నారో అన్నీ రాయండి. చాలా పాలసీల్లో ఉన్న జబ్బులకు కవర్ అసలు ఉండదు, లేదా ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి దాకా ఉంటుంది. ఆ పరిమితి ఎంతో చూడండి, పైన పెద్ద అక్షరాల్లో రాసిన మొత్తం చూసి మోసపోకండి. ప్రీమియం ఎక్కువే పడుతుంది, పడనివ్వండి. ఇద్దరికీ కలిపి 500 పౌండ్లు పక్కన పెట్టుకోండి, తగ్గితే సంతోషం. వాళ్లు విమానం ఎక్కకముందే తీసుకోండి. దిగాక తీసుకుంటే కొన్ని కంపెనీలు మొదటి కొన్ని రోజులు జబ్బులకు కవర్ ఇవ్వవు.

ఇక మీ సంగతి. నెలకు 2,730 ఖర్చున్న ఇంట్లో 1,400 పొదుపు అంటే పదిహేను రోజులు. అంతే. మీరు స్పాన్సర్ మీద ఉన్న మనిషి. ఉద్యోగం పోయిందని కంపెనీ హోమ్ ఆఫీస్‌కు చెబితే, సాధారణంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భత్యం, ఇంటి అద్దె సాయం లాంటివి మీ వీసాకు వర్తించవు. పక్కింటి ఇంగ్లిష్ కుటుంబానికి ప్రభుత్వం చేసే సాయం మీకు మీరే చేసుకోవాలి. ఆ 60 రోజులకే 5,460 కావాలి. నా దృష్టిలో మీకు ఉండాల్సింది మూడు నెలల ఖర్చు, అంటే 8,190. మీరు వీసా పొడిగింపు ఎప్పుడో, ఆ ఫీజులు కంపెనీ కడుతుందో లేదో రాయలేదు. హెల్త్ సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్లు, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి కట్టాలి. భార్యాభర్తలు, ఒక బిడ్డ, మూడేళ్లు అంటే 8,538. ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడిగి, వాళ్లు చెప్పింది ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇలాంటి స్థితిలో సరదా తిరుగుడుకు 3,000 లోనా? 16 శాతం వడ్డీకి మూడేళ్లంటే నెలకు సుమారు 104 పౌండ్లు, మొత్తం 3,740 దాకా కడతారు. అమ్మానాన్న డిసెంబర్‌లో ఇంటికెళ్లిపోతారు, మీరు మాత్రం ఆ మూడు రాత్రుల పబ్ గదికి మూడేళ్లు కంతులు కడుతూ ఉంటారు. అది చాలదన్నట్టు నవంబర్‌లో కార్డు వడ్డీ మొదలవుతుంది. ఆ నెలలో ఏదైనా తేడా వస్తే ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి వెళ్తారు, అక్కడ చాలా బ్యాంకులు తీసుకునేది 40 శాతం దరిదాపు వడ్డీ. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, అలా తడిసి మోపెడవుతుంది. ‘వాళ్లు మళ్లీ మళ్లీ రారు కదండీ’ అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తారు. నిజమే. కానీ కొడుకు తమ కోసం అప్పు చేశాడని తెలిస్తే ఆ గదిలో వాళ్లకు నిద్ర పడుతుందా? లోన్ వద్దు. మూడు వాయిదాల్లో కట్టండి అని బుకింగ్ సైట్లు చూపించే బటన్ కూడా నొక్కొద్దు.

న్యూ ఫారెస్ట్ మానేయమని అనడం లేదు. వెళ్లి తీరాలి. సుమారు 1079లో విలియం రాజు వేట కోసం ప్రత్యేకించుకున్న అడవి అది, 2005లో నేషనల్ పార్క్ అయింది. గుర్రప్పిల్లల్లా కనిపించే పోనీలు రోడ్డు మీదే తిరుగుతుంటాయి. అవి అడవి జంతువులు కావు, మేపుకునే హక్కున్న ఊరివాళ్లవి. సెప్టెంబర్ మధ్య నుంచి పందుల్నీ వదులుతారు. రాలిన పచ్చి ఓక్ కాయలు పోనీలకు, ఆవులకు విషం, పందులు వాటిని తినేస్తాయి. పల్లెలో పుట్టి పెరిగిన మీ నాన్నగారికి ఇది చూస్తే లండన్ కన్నా ఎక్కువ సంతోషం. దీనికి టికెట్ లేదు.

పబ్ అనగానే అమ్మగారు జూబ్లీహిల్స్ పబ్ అనుకుని కంగారు పడొచ్చు, ముందే చెప్పండి. ఇంగ్లండ్‌లో పల్లెటూరి పబ్‌లో పిల్లాపాపలతో కూర్చుని భోంచేస్తారు. అందంగా గడ్డికప్పు ఉందా, పొయ్యి ఉందా అని ఫొటోలు చూసి ఎంచుకోకండి. మీ ఇద్దరు పెద్దవాళ్లను బట్టి ఎంచుకోండి. మొదటిది వంటగది టైమింగ్స్. చాలా పల్లెటూరి పబ్‌లలో మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వంట ఆపేసి, మళ్లీ సాయంత్రం ఆరుకు గానీ మొదలుపెట్టరు. కొన్ని సోమవారం వంటే చేయవు. దారిలో ఆలస్యమై మూడింటికి చేరితే, షుగర్ మాత్ర వేసుకున్న మనిషికి చిప్స్ పాకెట్ తప్ప ఏమీ దొరకదు. రోజంతా వంట చేసే పబ్‌నే చూసుకుని, ఫోన్ చేసి అడిగి, టేబుల్ బుక్ చేసుకోండి. రెండోది మెట్లు. పాత భవనాల్లో గదులు బార్ పైన ఉంటాయి, లిఫ్ట్ ఉండదు, దూలాలు తలకు తగులుతాయి, రాత్రి పదకొండు దాకా కింద సందడి వినిపిస్తుంది. కింది అంతస్తు గదో, వెనక వైపు విడిగా కట్టిన గదో ఇవ్వమనండి.

అమ్మగారు శాకాహారి అయితే ఆదివారం రోస్ట్, అంటే పబ్‌లలో ఆ రోజు పెట్టే కాల్చిన మాంసం భోజనం దగ్గర జాగ్రత్త. దాంతోపాటు ఇచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్ అనే పిండి వంటకాన్ని కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో కాలుస్తారు, గ్రేవీలో మాంసం రసం ఉంటుంది. మాంసానికి బదులు గింజలతో చేసే నట్ రోస్ట్ ఉందా, చిప్స్ ఏ నూనెలో వేయిస్తారు అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మంచినీళ్లు సీసా కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలన్నది అక్కడి లైసెన్స్ నిబంధన.

ఊళ్ల విషయానికొస్తే, మీ పరిస్థితికి నాకు మిన్‌స్టెడ్ నచ్చుతుంది. అక్కడ ట్రస్టీ సర్వెంట్ అనే పబ్‌లో గదులున్నాయి, ఊరి పచ్చిక ఎదురుగానే. కొద్ది నడకలో చర్చి, దాని ఆవరణలో షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ సమాధి. ఫ్రితమ్‌లోని రాయల్ ఓక్ చిన్న గడ్డికప్పు పబ్, మధ్యాహ్నం ఆగి రొట్టె, చీజ్, పచ్చడితో ప్లౌమన్స్ తినడానికి బాగుంటుంది. కారు వద్దనుకుంటే రీడింగ్ నుంచి బ్రాకెన్‌హర్స్ట్‌కు నేరుగా రైలుంది, స్టేషన్ దగ్గరే స్నేక్‌క్యాచర్ పబ్ ఉంటుంది. ఆ అడవిలో పాములు పట్టి బతికిన బ్రషర్ మిల్స్ అనే ఆయన పేరు మీద పెట్టిందది. బర్లీ, బ్యూలీ అనే ఊళ్లు కూడా అందమైనవే, గది అక్కడే కావాలని మాత్రం లేదు.

మూడు రాత్రుల్ని ఒక రాత్రి చేయండి. శుక్ర, శని వారాలు కాకుండా ఆదివారం రాత్రి ఉండండి, సోమవారం ఒక్కరోజు సెలవు పెట్టండి. స్కూళ్లు తెరిచాక ఆదివారం రాత్రి గది ధర సాధారణంగా తగ్గుతుంది. మీ లెక్కలో గది 140, ఆదివారం 105కి దొరికితే రెండు గదులకు 210. పొద్దున టిఫిన్ గదితోపాటే వచ్చేలా చూసుకోండి. ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి భోజనానికి 200. మీ సొంత కారులో అయిదుగురూ పడతారు, పెట్రోల్ 25. మొత్తం 435. రద్దు చేసుకునే వీలున్న రేటే తీసుకోండి, నాన్నగారి ఒంట్లో ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. అడవి దారుల్లో గంటకు 40 మైళ్లు దాటకండి, చీకటి పడ్డాక పోనీలు కనపడవు. మీ కారు పాలసీలో ఎక్సెస్, అంటే క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన మొత్తం ఎంతో కూడా ఒకసారి చూసుకోండి.

మీకు నెలకు 370 మిగులుతోంది, సెప్టెంబర్‌కు నాలుగు నెలలుంది, అంటే 1,480. అందులో పాలసీకి 500, పబ్‌కు 435, మిగిలిన 545 పొదుపులో కలపండి. స్కాట్లాండ్ ఈసారికి వాయిదా. లండన్ ఎప్పుడైనా ఒక్కరోజులో రైల్లో వెళ్లి రావచ్చు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మిగిలేదంతా కార్డుకే వేయండి. అప్పటికీ వెయ్యి పైచిలుకు మిగిలిపోతుంది, ఆ బాకీని వడ్డీలేని ఇంకో కార్డుకు మార్చుకుని అయినా సరే, నెలనెలా సమానంగా కట్టేయండి. ఆ కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి. అది పూర్తయ్యాక 370 మొత్తం అత్యవసర నిధికే, 8,190 చేరేదాకా.

ఈ ఆదివారం నాన్నగారికి వీడియో కాల్ చేసి స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ఇప్పటి మందుల చీటీ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టమనండి. వాటిని ముందు పెట్టుకుని కనీసం మూడు కంపెనీల దగ్గర ప్రీమియం అడగండి. అన్ని వివరాలూ చెప్పి పాలసీ తీసుకుని, పత్రం చేతికొచ్చాక మిన్‌స్టెడ్‌కు ఫోన్ చేసి కింది అంతస్తు గది ఉందేమో కనుక్కోండి.