సెమిస్టర్ అయ్యాక ఏ చేతిపని? మిగిలిన కాగితాలతో పుస్తకం కుట్టండి

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, రోజంతా ఫోన్ చూస్తూనే గడిచిపోతోంది, పెద్దగా ఖర్చు లేకుండా ఇంట్లో ఏ చేతిపని మొదలుపెట్టొచ్చు అని అడిగారు. నన్నడిగితే పుస్తకాలు కుట్టమంటాను. దానికి కావలసిన సరుకులో ముప్పాతిక వంతు ఇప్పటికే మీ చదువుల బల్ల మీద ఉంటుంది.

నాకిది నాలుగో సెమిస్టర్ అయ్యాక అలవాటైంది. చివరి పరీక్ష రాసిన మర్నాడు కూడా తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. చదవాల్సిందేమీ లేదు, అయినా టెన్షన్ మాత్రం పోలేదు. అంతకుముందు సెలవుల్లో రంగులు, కుంచెలు, కాన్వాసులు అన్నీ ఒకేసారి కొన్నాను. రెండు బొమ్మలు వేసి ఆపేశాను, మూత సరిగా పెట్టని ట్యూబులు గట్టిపడిపోయాయి. అందుకే ఈసారి ఏమీ కొనకూడదనుకుని ముందు బల్ల సర్దాను. సగం రాసి వదిలేసిన నోటుబుక్కులు ఒక కట్టెడు తేలాయి.

పిన్నులు కొట్టిన నోటుబుక్కు అయితే పేజీలు చింపకండి. పిన్నులు నెమ్మదిగా విప్పండి. మొదటి మూడో వంతే రాసి ఉంటే మధ్యలో కాగితాలు రెండు సగాలూ ఖాళీగా, మడతతో సహా జంటగా చేతికొస్తాయి. ఒక మడతలో నాలుగు నుంచి ఆరు కాగితాలు చాలు. నేను మొదటిసారి ఆశకొద్దీ పన్నెండు పెట్టాను. లోపలి కాగితాల అంచులు బయటికి పొడుచుకొచ్చాయి, సూది దిగడం కూడా కష్టమైంది. మడత మీద చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్దితే పదునుగా కూర్చుంటుంది.

కుట్టడానికి మడత గీత మీద మూడు రంధ్రాలు కావాలి: సరిగ్గా మధ్యలో ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. ఒక చీటీ మీద ముందే గుర్తులు పెట్టుకుని, దాన్ని మడతలో ఆనించి పొడవండి. కంటి అంచనాతో పొడిస్తే కాగితాలు పక్కకు జరిగిపోతాయి. దారం పుస్తకం ఎత్తుకు మూడింతలు తీసుకోండి. మామూలు కుట్టుదారమే అయితే దానికి రెట్టింపు తీసుకుని, రెండు పేటలు చేసి కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి, చిక్కు పడదు, పట్టు కూడా బాగుంటుంది. లోపలి నుంచి మధ్య రంధ్రంలో సూది బయటికి తీయండి, పై రంధ్రంలోంచి లోపలికి రండి, మధ్య రంధ్రాన్ని వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి వెళ్లండి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి. ఇప్పుడు లోపల నిలువుగా ఒక పొడవైన దారం ఉంటుంది కదా, రెండు కొసలూ దానికి చెరోవైపు వచ్చేలా చూసి ముడి వేయండి. ఇక్కడ తొందరపడొద్దు. దారాన్ని మడత వెంబడే లాగాలి, పేజీ వైపు లాగితే రంధ్రం చిరిగిపోతుంది.

అట్ట దగ్గర నేను బాగా ఇబ్బంది పడ్డాను. పాత పెట్టె అట్ట కోసి, పైన రంగు కాగితం అంటించి, మురిసిపోతూ పడుకున్నాను. పొద్దున చూస్తే అట్ట విల్లులా వంగి ఉంది. జిగురు తడికి కాగితం సాగుతుంది, ఆరుతూ మళ్లీ ముడుచుకుంటుంది, దాంతోపాటు అట్టనూ లాగేస్తుంది. లోపలి వైపు కూడా ఒక కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి. ఆ తర్వాత బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. పాఠ్యపుస్తకాలు ఈ పనికి భలే పనికొస్తాయి! జిగురు కొనక్కర్లేదు, మైదాను నాలుగైదింతలు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్నని మంట మీద చిక్కబడేదాకా ఉడికిస్తే చాలు. రెండు మూడు రోజుల్లో పాడవుతుంది కాబట్టి కొంచెం కొంచెమే చేసుకోండి.

అట్ట కోసేటప్పుడు ప్లాస్టిక్ స్కేలు వాడకండి, బ్లేడు దాన్ని కోసుకుంటూ వేళ్ల మీదికొస్తుంది. స్టీలు స్కేలు పెట్టి, ఒక్క దెబ్బలో కాకుండా తేలిగ్గా ఐదారుసార్లు గీయండి.

వీడియోలు చూడొచ్చు గానీ, ఒకటి పూర్తిగా చూసి ఫోన్ పక్కన పెట్టేయండి. నేను ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ రెండు రోజులు దారం కూడా ముట్టుకోలేదు.

కొనాల్సి వస్తే ముందు ఒక మంచి దబ్బనం, కాస్త మందపాటి దారం కొనుక్కోండి. మిగతావి మూడు పుస్తకాలు కుట్టాకే ఆలోచించండి, అప్పటికి మీకేది లోటుగా ఉందో మీ చేతికే తెలుస్తుంది. నా మొదటి పుస్తకం ఒక మూల వంకరగానే ఉంది. ఐదో సెమిస్టర్‌లో చిత్తు లెక్కలన్నీ దాంట్లోనే చేశాను, కుట్టు ఒక్క చోట కూడా వదులవలేదు.