అందరికీ పని దొరకాలంటే ప్రభుత్వం ఏం చేయగలదు?

సంపూర్ణ ఉద్యోగిత అంటే నిరుద్యోగం సున్నా అని కాదు. ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి వెతుక్కునేవాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు. పని కావాలనుకున్నవాళ్లు ఎక్కువ కాలం ఖాళీగా ఉండకపోతే చాలు.

నిరుద్యోగం ఎందుకు వచ్చిందో చూసి విధానం ఎంచుకోవాలి. సరుకు కొనేవాళ్లు లేక కంపెనీలు మనుషుల్ని తీసేస్తుంటే గిరాకీ పెంచాలి. అంటే కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు తగ్గించాలి, ప్రభుత్వం పన్నులు తగ్గించడమో, రోడ్లు, ఇళ్ల లాంటి వాటి మీద ఖర్చు పెంచడమో చేయాలి. 1930ల మాంద్యం కాలంలో ఆర్థికవేత్త కీన్స్ గట్టిగా వాదించింది ఇదే. కాకపోతే పెద్ద ప్రాజెక్టుకి టెండర్లు, భూసేకరణ పూర్తయ్యేసరికి మాంద్యమే పోయి ఉండొచ్చు!

అందుకే నాకు జర్మనీ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. పని తగ్గినప్పుడు అక్కడి కంపెనీలు ఉద్యోగుల్ని తీసేయకుండా పనిగంటలు తగ్గిస్తాయి. దానివల్ల చేతికొచ్చే జీతంలో పడిన కోతలో మామూలుగా 60 శాతం, పిల్లలున్నవాళ్లకి 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ భరిస్తుంది. 2009లో దేశ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పాత పరిశ్రమలు మూతపడి, ఉన్న నైపుణ్యానికి పని లేకుండా పోతే మాత్రం ఇవేవీ సరిపోవు. అప్పుడు శిక్షణ ఇవ్వాలి, అదీ యజమానులు నిజంగా మనుషుల కోసం వెతుకుతున్న పనుల్లో. ఊరికే సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తే ఒరిగేదేమీ లేదు.

ఇక గిరాకీని మరీ ఎగదోస్తే ధరలు పెరుగుతాయి. అప్పుడు కేంద్ర బ్యాంకే వడ్డీలు పెంచి బ్రేకు వేస్తుంది.