మోర్మన్ స్త్రీల గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో పుట్టిన మోర్మన్ చర్చి స్త్రీల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం మీద పట్టుంది నీకు. కానీ మొదటి రెండు పేజీలూ బహుభార్యాత్వంతోనే నింపేశావు. బయటివాళ్లందరూ అక్కడే మొదలుపెడతారు, సగం మంది అక్కడే ఆగిపోతారు. 1890లోనే ఆ చర్చి అధ్యక్షుడు దాన్ని మానుకోమని ప్రకటన ఇచ్చాడు. ఇవాళ్టి మోర్మన్ మహిళ పేచీ వేరే చోట ఉంది.

పాత కథే కావాలంటే మార్తా హ్యూస్ కానన్‌ని తీసుకో. డాక్టరు. ఒకాయనకి నాలుగో భార్య. మోర్మన్లు ఎక్కువగా ఉండే యూటా రాష్ట్రంలో 1896లో సెనేట్‌కి పోటీ చేసి గెలిచింది. ఓడినవాళ్లలో ఆవిడ భర్త కూడా ఉన్నాడు! అమెరికాలో రాష్ట్ర సెనేటరైన తొలి మహిళ ఆవిడే. ఆవిడ మీద జాలిపడలేం, పూర్తిగా మన స్త్రీవాదుల పక్షాన కలుపుకోనూ లేం. ఆ చిక్కుముడి విప్పాలని చూడకు, అలాగే ఉండనీ.

యూటా స్త్రీలకి 1870లోనే ఓటు వచ్చింది. బహుభార్యాత్వాన్ని అణచడానికని 1887లో చట్టం చేసిన వాషింగ్టన్ పెద్దలు ఆ ఓటు లాగేసుకున్నారు. ఆ ఆడవాళ్లను ఉద్ధరిస్తామన్నదీ ఆ పెద్దలే. నీ వ్యాసంలో 'పాపం' అన్న చోటల్లా నాకు వాళ్ల గొంతే వినిపించింది. ఆ మాటలన్నీ కొట్టెయ్.

ఇక అసలు సంగతి, యాజకత్వం, అంటే చర్చిలో క్రతువులు జరిపే అధికారం. అక్కడ పన్నెండేళ్లు నిండే ఏడాదిలోనే మగపిల్లాడికి అది దక్కుతుంది. ఆదివారం వరసల మధ్య తిరుగుతూ క్రీస్తు స్మరణగా తీసుకునే రొట్టె, నీళ్లు అందించేది వాడే. వాడికి పాఠాలు చెప్పి పెంచిన ఆవిడ బెంచీ మీద కూర్చుని అందుకుంటుంది. ఇది ఉన్నదున్నట్టు రాసెయ్, పక్కన వ్యాఖ్యానం పెట్టకు. స్త్రీలకూ యాజకత్వం ఇవ్వమని ఉద్యమం నడిపిన కేట్ కెల్లీని 2014లో వెలివేశారు. అంతకుముందు 1979లో, సమాన హక్కుల రాజ్యాంగ సవరణ కోసం పోరాడిన సోనియా జాన్సన్‌నీ అంతే.

నన్నడిగితే నీ వ్యాసానికి ప్రాణం లావినా ఫీల్డింగ్ ఆండర్సన్. చర్చి పెద్దలు మేధావులనూ స్త్రీవాదులనూ ఎలా వేధించారో ఒక్కో సంఘటనా నమోదు చేసి అచ్చువేసింది. 1993లో వెలివేశారు. ఆవిడ మానలేదు, ఏళ్ల తరబడి ఆదివారం ఆదివారం అదే ఆరాధనకి వెళ్లి కూర్చుంది. మళ్లీ బాప్తిస్మం ఇమ్మని అడిగితే 2019లో కాదన్నారు. 2023లో పోయింది, వెలి ఎత్తకుండానే. 'అలాంటి మతంలో ఎందుకుండాలి' అని నువ్వు వ్యాసంలో తీర్పు చెప్పేశావు చూడు, ఆ వాక్యం ఆవిడ ముందు నిలబడదు.

చిన్న మార్పులను వెక్కిరించకు. 1830లో పుట్టిన ఆ చర్చి మహాసభలో ఒక స్త్రీ మొట్టమొదటిసారి ప్రార్థన చేసింది 2013లో. మనకి నవ్వులాట, వాళ్లకి ఎన్నేళ్లు అడిగితే దక్కిందో!

పుస్తకాలతోనే సరిపెట్టకు. మన దేశంలో వాళ్ల తొలి స్టేక్, అంటే కొన్ని సంఘాల కూటమి, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. వాళ్ల స్త్రీల సంఘాన్ని రిలీఫ్ సొసైటీ అంటారు, 1842 నుంచీ ఉంది. వెళ్లి ఆ ఆడవాళ్లతో మాట్లాడు. స్త్రీవాదం ఊసు నువ్వుగా ఎత్తకు, వాళ్ల పనులేమిటో అడుగు. నోట్‌బుక్ మాత్రం వాళ్లకి కనిపించేలాగే పెట్టుకో, దాచి రాసుకోవద్దు. తిరగరాశాక పంపు, చూస్తాను.