విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఆఫీస్ 2007, అను ఫాంట్ల పాత ప్రశ్నపత్రాలు

సార్, మీరు అడిగినవాటిల మూడు ముచ్చట్లు కలిసిపోయినయ్. ఆఫీస్ 2007 సీడీ కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఎక్కింది గానీ వర్డ్ తెరిచినప్పుడల్లా ‘కాన్ఫిగరింగ్’ అని తిప్పుతున్నది. అను ఫాంట్లతో టైపు చేసిన పాత లెక్కల ప్రశ్నపత్రాలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల కుప్ప కనిపిస్తున్నది. హన్మకొండ చౌరస్తా దగ్గర షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి విండోస్ 7 వేద్దామన్నరు. ముందుగాల ఆ ఫార్మాట్ సంగతి మరిచిపోండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు విండోస్ 7 డ్రైవర్లు (ల్యాప్‌టాప్ భాగాలను నడిపించే చిన్న ప్రోగ్రాములు) దొరకవు, వైఫై, టచ్‌ప్యాడ్ కూడా ఆగిపోయే ప్రమాదం ఉంటది. విండోస్ మార్చినా ఫాంట్లు వాటంతట అవి రావు.

ఇంకో మాట. ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టె మీద ‘ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2021’ అనో ‘ఆఫీస్ హోమ్ 2024’ అనో ఉన్నదేమో చూడండి. మన దగ్గర అమ్మే చాలా మోడళ్లకు అది ధరలోనే కలిసి వస్తది. విండోస్ మొదటిసారి ఆన్ చేసిన 180 రోజుల లోపు మైక్రోసాఫ్ట్ ఖాతాతో దాన్ని మీ పేరు మీదికి తెచ్చుకోవాలె, లేకుంటే పోతది. అది ఉంటే రోజువారీ పనికి అదే వాడండి. 2007 ఫైళ్లన్నీ అందులో తెరుచుకుంటయ్. ఆఫీస్ 2007కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2017 అక్టోబర్ 10తోనే ఆగింది. అయినా అది 32-బిట్ ప్రోగ్రాం కాబట్టి విండోస్ 11లో నడుస్తది. విండోస్ 11 అస్సలే నడపలేనివి 16-బిట్ ప్రోగ్రాములు.

‘కాన్ఫిగరింగ్’ ఎందుకు వస్తదంటే, ల్యాప్‌టాప్‌తో వచ్చిన కొత్త ఆఫీస్, మీరు వేసిన 2007 రెండూ ఒకే ఇంట్లో ఉన్నయ్. ఏ వర్డ్ తెరిస్తే అది, డాక్ ఫైళ్లకు నేనే యజమానినని మళ్లీ రిజిస్టర్ చేసుకుంటది. రెండోది తెరిస్తే అదీ అదే పని చేస్తది. ఒకటే ఉంచుకోవడం సుఖం. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి వద్దనుకున్నదాన్ని తీసేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

రెండూ కావాలంటే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోట, చిన్న మార్పు ఉంటది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ‘రెజ్‌ఎడిట్’ తెరవండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, 12.0, వర్డ్, ఆప్షన్స్ వరకు దిగండి. 12.0 అంటే ఆఫీస్ 2007. అక్కడ కొత్త 32-బిట్ డీవర్డ్ (అంకెను దాచుకునే ఎంట్రీ) చేసి, పేరుగా ఎన్, ఓ, ఆర్, ఈ, ఆర్, ఈ, జీ అనే ఏడు ఇంగ్లిష్ అక్షరాలు ఖాళీ లేకుండా టైపు చేసి, విలువ 1 ఇవ్వండి. కొత్త వర్డ్‌కు కూడా ఇదే చేయాలె, 16.0 కింద. ఇది వర్డ్‌కే పనికొస్తది. ఔట్‌లుక్ మాత్రం రెండు వెర్షన్లు ఒక దగ్గర ఇమడవు, 2007 వేసేటప్పుడు ‘కస్టమైజ్’ నొక్కి ఔట్‌లుక్‌ను వదిలేయండి.

కొత్త ఆఫీస్ లేకుండానే ప్రతిసారీ లైసెన్స్ ఒప్పందం అడుగుతుంటే కథ వేరే. మీ అంగీకారాన్ని రిజిస్ట్రీలో రాయడానికి వర్డ్‌కు అనుమతి లేదన్నట్టు. వర్డ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో ఒక్కసారి తెరిచి ఒప్పుకుంటే మళ్లీ అడగదు. యాక్టివేషన్ కాకపోతే సీడీ రకం చూడండి. పాత డెస్క్‌టాప్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ డెస్క్‌టాప్‌కే కట్టుబడి ఉంటది, దాన్ని ఇక్కడ ఎక్కించే హక్కు లేదు. విడిగా కొన్న పెట్టె అయితే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. ‘యాంటీవైరస్ ఆఫ్ చేయండి, యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రాం) కొడదాం’ అనే మనిషికి ల్యాప్‌టాప్ ఇయ్యకండి. అదే ల్యాప్‌టాప్‌లో మీ పెన్షన్, బ్యాంకు పాస్‌వర్డులు ఉంటయ్.

ఇక అసలు తిప్పలు అను ఫాంట్లవి. ఇవి యూనికోడ్ కావు, అంటే తెలుగు అక్షరాలకు అన్ని కంప్యూటర్లూ ఒప్పుకునే సొంత నంబర్లు వాడేవి కావు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు ముక్కలు, ఒత్తులు, గుణింతాలు పెట్టి చేసిన ఫాంట్లు. ఫైల్‌లో నిజంగా ఉన్నది ఆ ఇంగ్లిష్ కుప్పే, ఫాంట్ ఉంటేనే అది తెలుగు బొమ్మగా కనబడతది. కాబట్టి మీ ఫైళ్లు పాడు కాలేదు. చూడడానికి, ప్రింట్ తీయడానికి ఫాంట్లు చాలు, టైపు చేయడానికి మాత్రం అను స్క్రిప్ట్ మేనేజర్ కావాలె.

ఏ ఫాంట్ తక్కువైందో వర్డే చెప్తది. గుండ్రటి ఆఫీస్ బటన్ నొక్కి వర్డ్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే ‘షో డాక్యుమెంట్ కంటెంట్’ కింద ‘ఫాంట్ సబ్‌స్టిట్యూషన్’ ఉంటది. లేని ఫాంట్ల పేర్లన్నీ అక్కడ వరుసగా వస్తయ్. పైన ఫాంట్ డబ్బాలో పేరు కనిపిస్తున్నదని మోసపోవద్దు, ఫాంట్ లేకున్నా పేరు అట్లనే ఉంటది.

ఆ పేర్లున్న ఫాంట్లను పాత డెస్క్‌టాప్‌లో సీ డ్రైవ్, విండోస్, ఫాంట్స్ ఫోల్డర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోండి. కొత్తదాంట్లో డబుల్ క్లిక్ కొట్టి ‘ఇన్‌స్టాల్’ నొక్కడం దగ్గర్నే చాలామంది దెబ్బ తింటరు. విండోస్ 10లో 2018 చివర వచ్చిన అప్‌డేట్ నుంచి అట్లా వేసిన ఫాంట్ ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లోకి పోతది. పాత ప్రోగ్రాములు చాలా అక్కడ వెతకవు. అన్ని ఫాంట్లనూ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి. విండోస్ 11లో అది కనిపించకపోతే ముందు ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కాలె.

ఫాంట్ వేసినా సగం అక్షరాలు మంచిగ, సగం డబ్బాలుగా, ప్రశ్నార్థకాలుగా వస్తున్నయా? అప్పుడు లోకేల్, అంటే పాత ప్రోగ్రాములకు విండోస్ చెప్పే భాషా సెట్టింగ్, చూడండి. కంట్రోల్ ప్యానెల్, రీజియన్, అడ్మినిస్ట్రేటివ్, ‘చేంజ్ సిస్టమ్ లోకేల్’. అక్కడ తెలుగు పెట్టి ఉంటే ఇంగ్లిష్ (ఇండియా) చేయండి. కిందనే ‘బీటా’ అంటూ యూటీఎఫ్-8 (యూనికోడ్ రాసే ఒక పద్ధతి) గురించి ఒక టిక్ ఉంటది, అది ఉంటే తీసేయండి. తెలుగు కదా అని తెలుగు లోకేల్ పెడితేనే ఈ పాత తెలుగు చెడుతది. ఎందుకంటే 128 దాటిన స్థానాల్లో ఉన్న ముక్కలను పాత ప్రోగ్రాములు 1252 అనే కోడ్‌పేజీతో (ఏ నంబరుకు ఏ అక్షరమో చెప్పే పట్టిక) చదవాలె, తెలుగుకు అట్లాంటి పాత కోడ్‌పేజీ లేదు. మార్చినంక రీస్టార్ట్ తప్పదు.

కొత్తగా అనులో టైపు చేస్తరేమో, ఆటోకరెక్ట్ ఆపండి. వర్డ్ ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే టిక్, ‘టైపు చేస్తుండగా మార్చు’ అనే టిక్, ‘ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్’ ట్యాబ్‌లో సూటి కొటేషన్లను వంకర కొటేషన్లు చేసే టిక్, మూడూ తీసేయాలె. వర్డ్ ఇంగ్లిష్‌ను సరిదిద్దుతున్నా అనుకుంటది, ఇక్కడ గుణింతం మారిపోతది.

విండోస్ తెలుగు ఫాంట్ గౌతమిలో టైపు చేసినవి ఉంటే అవి యూనికోడ్, ఈ గొడవ లేదు. కానీ కొత్త విండోస్‌లో గౌతమి ముందే ఉండదు, వేరే ఫాంట్ వచ్చి పేజీలు జరుగుతయ్. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు పోయి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ కలపండి.

లెక్కల పత్రాలు కాబట్టి ఇదొకటి. ‘మైక్రోసాఫ్ట్ ఈక్వేషన్ 3.0’తో రాసిన భిన్నాలు, వర్గమూలాలు కొత్త వర్డ్‌లో కనిపిస్తయ్, ప్రింట్ అయితయ్, డబుల్ క్లిక్ కొడితే మాత్రం దిద్దుబాటుకు తెరుచుకోవు. ఆ ఎడిటర్‌లో భద్రతా లోపం బయటపడి 2018 జనవరి అప్‌డేట్లతో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. అప్‌డేట్లు లేని 2007 సీడీ వేస్తే ఎడిటర్ వస్తది, లోపమూ వెంట వస్తది. అందుకే 2007ను మీ సొంత పాత ఫైళ్లకే వాడండి. వాట్సాప్‌లో, మెయిల్‌లో వచ్చిన ఫైళ్లు అందులో తెరవద్దు. బయటి ఫైళ్లను మార్పులకు వీలు లేకుండా జాగ్రత్తగా తెరిచే ‘ప్రొటెక్టెడ్ వ్యూ’ ఆఫీస్ 2010 నుంచి వచ్చింది, 2007కు ఆ అడ్డుగోడ లేదు.

ప్రింట్‌లో వరుసలు జరుగుతే పేజీ సైజు లెటర్ అని ఉందేమో చూసి ఏ4 చేయండి. ప్రెస్‌కు ఇచ్చేవాటిని ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’తో పీడీఎఫ్ చేసి ఇయ్యండి, వాళ్ల దగ్గర మీ ఫాంట్ వెర్షన్ లేకున్నా అక్షరం చెడదు. పాత డెస్క్‌టాప్‌ను ఎవరికన్నా ఇచ్చేముందు ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, ఒక ఐదారు ప్రశ్నపత్రాలను అందులోనే పీడీఎఫ్ తీసి ఉంచుకోండి. విండోస్ 7లో ఈ ప్రింటర్ ఉండదు, అక్కడ ఆఫీస్ 2007కు సర్వీస్ ప్యాక్ 2 ఎక్కి ఉంటే ‘సేవ్ యాజ్’లోనే పీడీఎఫ్ దొరుకుతది. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచింది సరిగ్గా ఉందో లేదో వాటితో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.